నడుం నొప్పికి 24 ప్రశ్నలు: రోలాండ్–మోరిస్ ప్రశ్నావళిని తెలుగులో అడగడం నేర్చుకున్న కేసు

ఒకే మనిషి, ఒకే వారం, ఒకే ఫారం. సోమవారం మా జూనియర్ వేసిన స్కోరు 16. గురువారం నేను వేసింది 9. ఆ పేషెంటు మిరప తోటల్లో కూలికి వెళ్ళే మనిషి, యాభై దాటాయి. ఖమ్మం జిల్లాలో మేం పనిచేసే ఆసుపత్రికి, ఫిజియోథెరపీ ఓపీకి, నడుం నొప్పితో మూడో వారం వస్తోంది. "తేడా ఏమన్నా ఉందా అమ్మా?" అంటే "అట్లనే ఉంది బిడ్డా, ఏం తగ్గలే" అంది. ఏం తగ్గకపోతే 24 పాయింట్ల కొలతలో ఏడు పాయింట్లు ఎక్కడికి పోయినట్టు? కేస్ షీట్ మాత్రం చూసిన వాళ్ళకి, మూడు రోజుల్లో చికిత్స బ్రహ్మాండంగా పనిచేసిందనిపిస్తుంది.

ఆ సాయంత్రం నేనూ జూనియరూ ఆ ఫారం ముందు పెట్టుకుని, ఎవరం ఏ ప్రశ్న ఎలా అడిగామో ఒక్కొక్కటే చెప్పుకున్నాం. ఫారం ఇంగ్లీషులో ఉంది. పేషెంటు పక్కన కూర్చుని, చూస్తూ చూస్తూ నోటితో తెలుగు చేసి అడిగేయడం మా అందరికీ ఏళ్ళ తరబడి అలవాటు. జూనియర్ "మెల్లగా నడుస్తున్నారా?" అని అడిగింది. నేను "ఇదివరకటి కంటే మెల్లగా నడుస్తున్నారా?" అని అడిగాను. ఆమె "వంగడానికి ఇబ్బందిగా ఉందా?" అంటే నేను "వంగకుండా జాగ్రత్త పడుతున్నారా?" అన్నాను. నడుం నొప్పి ఉన్నా రోజుకి ఎనిమిది గంటలు వంగి కాయ కోస్తున్న మనిషి మొదటిదానికి అవునంటుంది, రెండోదానికి కాదంటుంది. రెండు జవాబులూ నిజమే. మేమే రెండు వేరు వేరు ఫారాలతో కొలిచాం.

ఆ ఫారాన్ని సరైన తెలుగులోకి తెచ్చే పని ఆ రోజే మొదలైంది, దాని గురించే ఇక్కడ రాస్తున్నాను. ఇది ముగిసిన పరిశోధన కాదు. అనువాదం, సవరణ పూర్తయ్యాయి. వ్యాలిడేషన్‌లో, అంటే ఫారం నమ్మదగినదేనా అని పరీక్షించడంలో, ఒక దెబ్బ తిని మళ్ళీ మొదలుపెట్టాం. ఇదే పని చేద్దామనుకునే ఫిజియోలకూ ఆర్థో పీజీలకూ ఆ దెబ్బతో సహా చెప్పడమే మంచిదనిపించింది.

ఎందుకు ఈ ఫారమే

నడుం నొప్పిలో ఎక్స్‌రే, ఎమ్మారై ఎలా ఉన్నాయన్నది ఒకటి, ఆ మనిషి రోజు ఎలా గడుస్తోందన్నది ఇంకొకటి. డిస్కు బాగా జారిన మనిషి దుక్కి దున్నుతూ ఉంటాడు. స్కాన్ శుభ్రంగా ఉన్న మనిషి మంచం దిగలేదు. 2020లో ప్రపంచమంతటా సుమారు 61.9 కోట్ల మందికి నడుం నొప్పి ఉందని అంచనా. మనుషుల్ని పనికి దూరం చేసి ఏళ్ళకేళ్ళు అలా బతికించే జబ్బుల్లో దీనిదే మొదటి స్థానం. దీని కొలత మనిషి నోటి నుంచే రావాలి.

ఎక్కువమంది వాడేవి రెండు ప్రశ్నావళులు. ఒకటి 1980లో వచ్చిన ఆస్వెస్ట్రీ. పది విభాగాలు, ఒక్కోదానిలో ఆరు వాక్యాలు, వాటిలో తనకి సరిపోయేది ఒకటి ఎంచుకోవాలి. చదువుకున్న వాళ్ళకి బాగుంటుంది. కానీ మా ఓపీలో సగం మందికి మేమే చదివి వినిపించాలి. ఆరు వాక్యాలు వరసగా వింటే ఆరోది వచ్చేసరికి మొదటిది మర్చిపోతారు, చివర విన్నదే చెప్పేస్తారు. అందులో దాంపత్య జీవితం గురించి ఒక విభాగం ఉంది. కర్టెన్ అడ్డంగా ఉన్న ఓపీలో, పక్కన కొడుకు నిలబడి ఉండగా అరవై ఏళ్ళ తల్లిని ఆ ప్రశ్న అడగడం నా వల్ల కాదు.

రెండోది రోలాండ్–మోరిస్. 1983లో బ్రిటన్‌లో మార్టిన్ రోలాండ్, రిచర్డ్ మోరిస్ తయారుచేశారు. సిక్‌నెస్ ఇంపాక్ట్ ప్రొఫైల్ అని 136 వాక్యాల పెద్ద ప్రశ్నావళి ఉండేది. అది ఏ జబ్బుకైనా పనికొచ్చేది. దాని నుంచి నడుం నొప్పి వాళ్ళకి తగిన 24 వాక్యాలు ఏరి, ఒక్కోదానికి 'నా నడుం వల్ల' అన్న అర్థమిచ్చే మాట తగిలించారు. ఇవాళ నాకిది వర్తిస్తుంది అనుకుంటే టిక్కు పెట్టాలి, లేకపోతే వదిలేయాలి. టిక్కులు లెక్కపెడితే అదే స్కోరు, 0 నుంచి 24 దాకా. స్కోరు ఎక్కువైతే ఇబ్బంది ఎక్కువని. ఐదు నిమిషాల పని, వాడుకోవడానికి ఎవరికీ డబ్బు కట్టక్కర్లేదు. చెవితో విని అవును, కాదు అంటే చాలు. మా పేషెంట్లకి ఇదే కుదురుతుందని నిర్ణయించుకున్నాం.

పద్ధతి గురించి క్లుప్తంగా చెబుతాను. బీటన్, ఆమె సహచరులు ఇలాంటి ప్రశ్నావళుల అనువాదానికి 2000లో స్పైన్ అనే వైద్య పత్రికలో ప్రచురించిన మార్గదర్శకాల్నే పట్టుకున్నాం. ఇద్దరు విడివిడిగా తెలుగు చేస్తారు. ఒకరికి వైద్యం తెలిసి ఉండాలి, ఒకరికి తెలియకూడదు. రెండూ కలిపి ఒకటి చేస్తారు. మూలం చూడని ఇద్దరు దాన్ని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. అన్నీ ఒక కమిటీ ముందు పెట్టి, తేలిన దాన్ని 30, 40 మంది పేషెంట్లతో ప్రయత్నించి చూస్తారు. మాకు మొదటి అనువాదకురాలు ఒక ఫిజియో, రెండో ఆయన హైస్కూల్లో తెలుగు చెప్పే మాస్టారు. తిరుగు అనువాదం ఇద్దరు ఇంగ్లీషు లెక్చరర్లు చేశారు. కమిటీలో వీళ్ళతో పాటు ఒక ఆర్థో డాక్టర్, నేను, ఇంకా ఒక పేషెంటు. మార్గదర్శకాలు పేషెంటు తప్పనిసరి అనవు. కానీ ఆయన లేకపోతే మా ఫారం పుస్తకం భాషలోనే ఉండిపోయేది. ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో అంగీకార పత్రం ముందే తీసుకున్నాం.

వీపా, వెన్నా, నడుమా

మొదటి గొడవ శీర్షిక దగ్గరే వచ్చింది. ఫిజియో 'వెన్ను నొప్పి' అని రాసింది. మాస్టారు 'వీపు' అని రాశారు. నిఘంటువు ప్రకారం ఎవరిదీ తప్పు కాదు. మా పేషెంటు సభ్యుణ్ణి అడిగాం: "వీపు ఎక్కడ?" ఆయన చెయ్యి భుజాల వెనక్కి పోయింది. "వెన్ను?" మెడ నుంచి కిందిదాకా వేలితో గీత గీశాడు. "మరి నడుం?" రెండు చేతులూ మొలతాడు కట్టే చోట ఆనించి, బొటనవేళ్ళు వెనక్కి పెట్టి, "ఇది కదా నొచ్చేది" అన్నాడు. మాకు కావాల్సిన చోటు అదే. ఆ తర్వాత ప్రయత్నంగా అడిగిన పేషెంట్లందరినీ కూడా మాట చెప్పి చెయ్యి పెట్టి చూపించమన్నాం. నడుం అంటే ఎవరి చెయ్యీ తప్పిపోలేదు, కొందరివి పిర్రల పైదాకా జారాయి, అంతే.

'నా నడుం వల్ల' అనడం తెలుగులో కుదరదు. "నడుం వల్ల అంటే? నడుం ఏం చేసింది?" అని ఒకాయన అడిగాడు. నొప్పి అన్న మాట చేర్చక తప్పదు. కానీ చేర్చితే అర్థం కాస్త ఇరుకవుతుంది. పొద్దున్నే నడుం బిగుసుకుపోయి లేవలేని వాళ్ళు, పట్టేసి కదలలేని వాళ్ళు "నొప్పి అంత లేదు మేడమ్, పట్టేసింది" అంటారు. వాళ్ళు జవాబు కాదంటే స్కోరు తగ్గిపోతుంది. మూలంలో కూడా కొన్ని వాక్యాల్లో నడుం అని, కొన్నిటిలో నడుం నొప్పి అని కలగలుపుగానే ఉంది. అందుకని అన్నిటిలోనూ 'నడుం నొప్పి వల్ల' అనే పెట్టి, మొదట్లో ఒక్క వాక్యం చేర్చాం: "ఇక్కడ నడుం నొప్పి అంటే నొప్పి మాత్రమే కాదు, నడుం పట్టేయడం, లాగడం, బిగుసుకుపోవడం కూడా."

ఇంకో ఇబ్బంది తెలుగు వాక్య నిర్మాణంలోనే ఉంది. 24 వాక్యాలూ 'నడుం నొప్పి వల్ల' అనే మొదలైతే నాలుగైదు విన్నాక ఆ మాట చెవికెక్కదు. 'పగలు ఎక్కువసేపు కూర్చునే ఉంటున్నాను' అన్న ముక్క ఒక్కటే వినపడుతుంది. కుట్టు మిషన్ మీద బతికే ఒకామె దానికి వెంటనే అవునంది. ఎందుకో అడిగితే "మిషను దగ్గర కూర్చోకపోతే ఇల్లెట్ల గడుస్తది?" అంది. ఆమె కూర్చునేది నొప్పి వల్ల కాదు, నొప్పి ఉన్నా కూర్చుంటోంది. మూలం అడిగేదానికి ఇది పూర్తిగా ఎదురు. ఆ ప్రశ్నలో కారణాన్ని చివరికి తెచ్చి, "పని కోసం కాకుండా, నడుం నొప్పి వల్లే" అని విడదీసి చెప్పాం. ఆ తర్వాత అదే టైలరమ్మ "లేదు, అట్లయితే లేదు" అంది.

సాక్సులు, ఈజీ చైరు, మెట్ల రెయిలింగు

అందరూ నవ్వి వదిలేసే ప్రశ్న సాక్సులది: సాక్సులు వేసుకోవడానికి ఇబ్బందిగా ఉందా అని. మా దగ్గర సాక్సులు వేసుకునేది స్కూలు పిల్లలూ ఆఫీసు ఉద్యోగులూ. తీసేసి 'చెప్పులు' అని పెడదామన్నారు మాస్టారు. కానీ చెప్పులు నిలబడే కాలు దూర్చేస్తాం, నడుం వంగదు. ఆ ప్రశ్న అడుగుతున్నది సాక్సు గురించి కాదు. తుంటి, నడుం బాగా వంచి చేతులు పాదాలదాకా చాచి కాసేపు అక్కడే ఉంచాల్సిన పని గురించి. మన ఇళ్ళలో ఆడా మగా అందరూ రోజూ చేసే అలాంటి పని ఏదని వెతికాం. కాలిగోళ్ళు తీసుకోవడం వారానికో పదిరోజులకో ఒకసారి, 'ఇవాళ' అని అడిగితే జవాబు రాదు. పసుపు రాసుకోవడం ఆడవాళ్ళకే. కాళ్ళు కడుక్కోవడం సరిపోతుందనుకున్నాం. కానీ కమిటీలోని పేషెంటు లేచి చూపించాడు: చెంబుతో నీళ్ళు పోసుకుని ఒక పాదంతో రెండో పాదం రుద్దేస్తాడు, వంగడు. చివరికి "స్నానం చేసేటప్పుడు చేత్తో పాదాలు రుద్దుకోవడం" దగ్గర ఆగాం. 'చేత్తో' అన్న మాట ఆయన పుణ్యమే.

ఈజీ చైరులోంచి లేవాలంటే ఏదైనా పట్టుకోవాల్సి వస్తోందా అన్న ప్రశ్న దగ్గర రెండు రోజులు పోయాయి. పడక కుర్చీ అన్న మాట ఉంది గానీ పడక కుర్చీలు ఇళ్ళలో ఎక్కడున్నాయి? కింద కూర్చుని లేవడం అని పెడదాం అన్నది జూనియర్ మాట. మన వాళ్ళు కింద కూర్చునేదే ఎక్కువ కదా. బాసింపట్టు అనండి, సక్లంముక్లం అనండి, మఠం వేసుకోవడం అనండి. మాటకి కూడా కొదవ లేదు. నేను ఒప్పుకోలేదు. నేల మీద నుంచి లేవడం, మెత్తటి కుర్చీలోంచి లేవడం కంటే చాలా కష్టం. అరవై దాటిన మనిషికి నడుం నొప్పి లేకపోయినా మోకాళ్ళ వల్ల నేల మీద నుంచి లేవడానికి ఆసరా కావాలి. అలా మారిస్తే ఆ ప్రశ్నకి దాదాపు అందరూ అవునంటారు, అప్పుడది ఎవరినీ ఎవరి నుంచీ వేరు చెయ్యదు. ఇంకో దేశపు స్కోరుతో మన స్కోరు పోల్చడానికీ వీలుండదు. ఆలోచిస్తే ఈజీ చైరు స్వభావం ఏమిటి? కూర్చుంటే లోపలికి దిగబడుతుంది, తుంటి మోకాలి కంటే కిందికి పోతుంది, లేవాలంటే ఎక్కడో పట్టు కావాలి. సరిగ్గా వదులైన నులక మంచమూ అంతే. "సోఫాలోంచి గానీ వదులైన నులక మంచం మీద నుంచి గానీ లేవాలంటే ఏదో ఒకటి పట్టుకోవాల్సి వస్తోంది" అన్నది అందరికీ నచ్చింది. టౌను వాళ్ళు సోఫా పట్టుకున్నారు, ఊళ్ళ వాళ్ళు మంచం పట్టుకున్నారు. నాకు ఈ మొత్తం పనిలో బాగా తృప్తినిచ్చిన వాక్యం ఇదే.

అలాగే వంగడం, మోకాళ్ళ మీద కూర్చోవడం అన్నచోట మోకాళ్ళ మీద కూర్చునే అలవాటు చర్చికి వెళ్ళే వాళ్ళకీ నమాజు చేసే వాళ్ళకీ ఉంది, మిగతా వాళ్ళకి తక్కువ. అక్కడ 'వంగడం, గొంతుక్కూర్చోవడం' అని పెట్టాం.

మెట్ల ప్రశ్నలు రెండున్నాయి: రెయిలింగు పట్టుకుని ఎక్కడం, మెల్లగా ఎక్కడం. చాలామంది ఇళ్ళకి మెట్లే లేవు. బస్సు మెట్లు అని పెడదామంటే బస్సెక్కేటప్పుడు కడ్డీ పట్టుకోనివాళ్ళెవరు? మెట్లు అనే ఉంచేశాం. ఇది సరిగ్గా కుదరలేదని నాకు తెలుసు.

బట్టలు వేసుకోవడం గురించి ఒక్క మాట. చీర కట్టుకుంటాం, చొక్కా తొడుక్కుంటాం, లుంగీ చుట్టుకుంటాం. ఏ ఒక్క క్రియ వాడినా సగం మంది జారిపోతారు. 'బట్టలు మార్చుకోవడం' అంటే అన్నీ వచ్చేస్తాయి.

ఇంటి పనుల ప్రశ్నలకి మగవాళ్ళు "ఇంటి పని మా ఆడవాళ్ళు చూసుకుంటరు" అని చెప్పేసి పక్కకి జరిగారు. అలా అన్న ప్రతివాడికీ రెండు పాయింట్లు తగ్గుతాయి, నడుం బాగున్నందుకు కాదు. పొలం పనులు చేర్చమని ఒకరన్నారు గానీ అది ఇంటి పని కొలతని ఉద్యోగపు కొలతగా మార్చేస్తుంది. 'ఇంటి దగ్గర మామూలుగా చేసుకునే పనులు' అని మార్చి, బరువు పనికి ఉదాహరణలు ఇచ్చాం: నిండు బిందె ఎత్తడం, గ్యాస్ సిలిండర్ జరపడం, బియ్యం బస్తా లేపడం. సిలిండర్‌లో గ్యాసే 14.2 కిలోలు, ఇనుప బండ బరువు వేరే. బస్తా అనగానే మగవాళ్ళు జవాబు చెప్పడం మొదలుపెట్టారు.

తిరుగు అనువాదం ఎందుకు అన్నది నాకు మంచం దగ్గర తెలిసింది. 'ఎక్కువసేపు మంచం మీదే ఉంటున్నాను' అన్న ప్రశ్నని మాస్టారు ఇంకాస్త తెలుగుగా ఉంటుందని 'మంచం పట్టాను' అని రాశారు. వినడానికి ఎంత సహజంగా ఉందో. కానీ తిరిగి ఇంగ్లీషు చేసిన లెక్చరర్లిద్దరూ, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండానే, లేవలేని స్థితిలో పడిపోయిన మనిషి అన్న అర్థంలో రాశారు. మంచం పట్టాడంటే మన దగ్గర చుట్టాలకి కబురు పంపే మాట. నడుం నొప్పి మనిషి ఎంత బాధలో ఉన్నా ఆ మాటకి అవుననడు. 'పగలు కూడా ఎక్కువసేపు పడుకునే ఉంటున్నాను' అని మార్చాం. ఆకలి ప్రశ్నలో మాత్రం మాస్టారి తెలుగే గెలిచింది. 'ఆకలి బాగా లేదు' అన్న ఫిజియో వాక్యం కంటే ఆయన రాసిన 'అన్నం సహించట్లేదు' అందరికీ ఒక్కసారికే అర్థమైంది.

'నేను' అంటే ఎవరు?

పేషెంట్లతో మొదటి రోజే ఎదురైన సంగతి ఇది. మూలంలో వాక్యాలన్నీ 'నేను' అని ఉంటాయి. ఎవరికి వాళ్ళు చదువుకుంటే సరే. నేను చదివి వినిపించాలి కదా. ఒక అవ్వకి "నడుం నొప్పి వల్ల రాత్రిళ్ళు సరిగ్గా నిద్ర పట్టట్లేదు, ఎవరైనా సాయం చేస్తే తప్ప బట్టలు మార్చుకోలేకపోతున్నాను" అని చదివాను. ఆమె నా చెయ్యి పట్టుకుని "ఇంత చిన్న వయసుల నీకెంత కష్టమొచ్చె బిడ్డా" అంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి ఆమెకి. తర్వాత నా నొప్పి గురించి కాదు, మీ గురించేనని చెప్పడానికి చాలాసేపు పట్టింది.

తెలుగులో 'నేను' అనకపోయినా క్రియ చివరే ఎవరో చెప్పేస్తుంది. ఉన్నాను అంటే చదివే మనిషే. అందుకని ఒకే ఫారం రెండు రూపాల్లో రాశాం. చదువుకునే వాళ్ళకి '-తున్నాను', వినే వాళ్ళకి '-తున్నారా?'. మాట మాటా ఒకటే, చివరే తేడా. ఏ రూపం వాడామో ఫారం మీద తప్పకుండా రాయాలి. ఇంకో మార్పు కూడా చేశాం. మూలంలో టిక్కు పెట్టకపోతే కాదు అని లెక్క. అది నిజంగా కాదా, అర్థం కాలేదా, వర్తించదా తెలియదు. మేం అవును, కాదు రెండు గళ్ళూ పెట్టి, ఏదో ఒకటి నింపే తీరాలన్నాం.

'ఇవాళ' అన్న మాట చిన్నదే గానీ కష్టపెట్టింది. ఆరింటి బస్సెక్కి పదకొండింటికి ఓపీలో కూర్చున్న మనిషి "ఇయ్యాల ఏం పని చేసిన? బస్సులనే ఉన్న" అంటాడు. 'ఈ మధ్య' అంటే నెల రోజులు లెక్కలోకి వస్తాయి. 'ఈ రోజుల్లో' అంటే కాలమే మారిపోతుంది. "ఇవాళ మీ నడుం ఉన్న పరిస్థితిలో" అని తేల్చాం.

దానికంటే కష్టం 'మామూలు కంటే'. పదేళ్ళుగా నొప్పి ఉన్నామెని "మామూలు కంటే మెల్లగా నడుస్తున్నారా?" అంటే "లేదు, మామూలుగానే" అంటుంది. ఆమెకి మెల్లగా నడవడమే మామూలైపోయింది. 'నొప్పి రాకముందు కంటే' అని మారిస్తే ఆమె అవునంటుంది. కానీ పదేళ్ళ వయసు కూడా అందులో కలుస్తుంది. కమిటీలో ఆర్థో డాక్టర్ మూలానికే కట్టుబడాలన్నారు. నేను మార్చాలన్నాను. చివరికి 'నడుం బాగున్నప్పటి కంటే' దగ్గర రాజీపడ్డాం. నొప్పి వస్తూ పోతూ ఉండే వాళ్ళకి ఇది బాగా పనిచేస్తుంది. నొప్పి ఎప్పుడూ పోని వాళ్ళకి ఇంకా అనుమానమే.

నిలకడ పరీక్ష, మా పొరపాటు

మాటలు కుదిరాయని అంకె నమ్మదగినదైపోదు. మారని మనిషిని రెండుసార్లు అడిగితే ఒకే జవాబు రావాలి. దీన్ని ఐసీసీ (ఇంట్రాక్లాస్ కోరిలేషన్) అనే సంఖ్యతో చెబుతారు, పూర్తిగా కలిస్తే 1, 0.70 అయినా ఉండాలంటారు, కనీసం 50 మందిని అడగాలంటారు. చాలా థీసిస్‌లలో దీని బదులు మామూలు కోరిలేషన్, అంటే రెండు స్కోర్లూ ఒకదానితో పాటు ఒకటి పెరిగి తగ్గుతున్నాయా అన్నది, వేసేస్తుంటారు. అది చాలదు. రెండోసారి అందరి స్కోరూ కచ్చితంగా మూడేసి తగ్గినా కోరిలేషన్ 1 అనే వస్తుంది, స్కోర్లు మాత్రం ఒక్కటీ కలవవు.

ఐసీసీ ఎందుకు ముఖ్యమో ఒక లెక్క వేసి చూడండి. స్కోర్ల ఎస్‌డీ, అంటే అవి సగటు నుంచి ఎంత చెదిరి ఉన్నాయన్నది, 5 అనుకుందాం. 1లోంచి ఐసీసీ తీసేసి, దాని వర్గమూలాన్ని ఎస్‌డీతో హెచ్చవేస్తే కొలతలోని పొరపాటు వస్తుంది. ఐసీసీ 0.91 అయితే అది 1.5 పాయింట్లు. దాన్ని 2 వర్గమూలంతో, 1.96తో హెచ్చవేస్తే సుమారు 4.2. అంటే ఒక పేషెంటు స్కోరు ఐదు తగ్గితే అది నిజంగా మార్పేనని చెప్పొచ్చు. అదే ఐసీసీ 0.75 అయితే పొరపాటు 2.5, పై లెక్కలో 6.9 వస్తుంది. అప్పుడు ఏడు తగ్గితే తప్ప ఏమీ చెప్పలేం. రోలాండ్–మోరిస్‌లో పేషెంటుకి నిజంగా మేలు తెలిసే మార్పు ఐదు పాయింట్లు, లేదా మొదటి స్కోరులో 30 శాతం అని 2008లో నిపుణులు ఒక అంగీకారానికి వచ్చారు. 0.75 ఉన్న ఫారంతో ఆ ఐదు పాయింట్ల మేలు కనపడనే కనపడదు. 0.75 కూడా 'పాస్' మార్కే అన్నది గుర్తుపెట్టుకోవాలి.

మిగతావి తొందరగా చెబుతాను. ప్రశ్నలన్నీ ఒకదాన్నే కొలుస్తున్నాయా అని చూసే ఆల్ఫా 0.70కి తగ్గకూడదు, 0.95 దాటకూడదు. దాటితే అడిగిందే అడుగుతున్నట్టు. పదిహేను శాతం కంటే ఎక్కువమంది సున్నా దగ్గరో 24 దగ్గరో పోగుపడకూడదు. నొప్పి తీవ్రతతో సంబంధం ఉండాలి గానీ మరీ ఎక్కువ ఉండకూడదు. 0.9 వస్తే సంతోషపడకండి, అప్పుడు మీ ఫారం కొలుస్తున్నది ఇబ్బందిని కాదు, నొప్పినే. ఏది ఎంత రావాలో లెక్కలు చూడకముందే రాసిపెట్టుకోవాలి. నొప్పి తీవ్రత అడగడానికి పది సెంటీమీటర్ల గీత మీద గుర్తు పెట్టమంటే మా వాళ్ళకి ఎక్కలేదు, సున్నా నుంచి పది అంకెలు వాడాం. తగ్గిందా అని అడగడానికి మాత్రం వాళ్ళ లెక్కే వాడుకున్నాం: "రూపాయికి ఎంత తగ్గింది?" పావలా, అర్ధ, ముప్పావలా అని తడుముకోకుండా చెబుతారు. పావలా దాటి తగ్గిన వాళ్ళని నిలకడ పరీక్షలోంచి తీసేయాలి, ఎందుకంటే వాళ్ళు మారిన మనుషులు.

ఇక పొరపాటు. వారం తర్వాత మళ్ళీ రమ్మంటే కూలి పోతుంది, బస్సు చార్జీ అవుతుంది. పాపం రానక్కర్లేదులే అని రెండోసారి ఫోన్‌లో అడుగుదామన్నది నా ఆలోచనే. జవాబులు బాగానే వచ్చాయి, చకచకా వచ్చాయి. లెక్కేస్తే మొత్తం స్కోర్లు పెద్ద తేడాగా లేవు. ఒక్కో ప్రశ్నా విడిగా చూస్తేనే బయటపడింది. నడక, వంగడం, మెట్లు లాంటివి రెండుసార్లూ కలిశాయి. 'నా పనులు వేరే వాళ్ళతో చేయించుకుంటున్నాను', 'ఒకరి సాయంతో బట్టలు మార్చుకుంటున్నాను', 'ఇంట్లో వాళ్ళ మీద చిరాకు పడుతున్నాను' ఈ మూడూ తారుమారయ్యాయి. రికార్డు చూసుకుంటూ ఆ నంబర్లకి మళ్ళీ ఫోన్ చేశాను. ఫోన్ కొడుకుది. ఎత్తింది కోడలు. "అత్తమ్మ ఇప్పుడు బానే ఉంది మేడమ్, అన్నీ చేసుకుంటది" అని కోడలే చెప్పేసింది ఒకచోట. ఇంకోచోట స్పీకర్ పెట్టారు, ఇల్లంతా వింటుంటే ఆమె జవాబు చెప్పింది. ఇంట్లో వాళ్ళ మీద చిరాకు పడుతున్నానని ఇంట్లో వాళ్ళ ముందు ఎవరు చెబుతారు?

ఆ విడత మొత్తం పక్కన పెట్టేశాం. ఆ మూడు ప్రశ్నలు తీసేసి మిగతా 21తో లెక్క వేద్దామన్నారు ఒకరు. తీసేస్తే అది రోలాండ్–మోరిస్ కాదు. పైగా తప్పు ప్రశ్నలది కాదు, మేం అడిగిన తీరుది. ఇప్పుడు రెండోసారి కూడా ఎదురెదురుగానే, అదే రూపంలో, రెండు మూడు రోజుల తేడాతో, చికిత్సకి రెండో విడత వచ్చినప్పుడు ముందుగా అడుగుతున్నాం. చికిత్స ఆపి వారం ఎదురుచూడమనడం న్యాయం కాదు కాబట్టి ఈ చిన్న వ్యవధితోనే సరిపెట్టుకుంటున్నాం. వ్యవధి తక్కువైతే మొదటి జవాబు గుర్తుండి అదే చెప్పే ప్రమాదం ఉంది. ఫారం మీద పేషెంటు కోసం కాకుండా మా కోసం ఒక వాక్యం అచ్చు వేయించాం: "అడిగేటప్పుడు ఇంటివాళ్ళని కాసేపు బయట కూర్చోమనండి."

మొదట చెప్పిన మిరప తోట ఆమె ఈ కొత్త విడతలో చేరింది. వెంట వచ్చిన కోడల్ని బయట కూర్చోబెట్టాను. ఒక్కొక్క ప్రశ్నకీ ఆలోచించి చెప్పింది. చిరాకు ప్రశ్న దగ్గర ఆగింది. తలుపు వైపు చూసింది. "మొన్న మనుమన్ని కొట్టిన బిడ్డా. ఏం చేసిండని? నీళ్ళు ఒలకబోసిండు. వంగి తుడవలేక కొట్టిన." నేను 'అవును' గడిలో టిక్కు పెట్టాను. ఇంగ్లీషు ఫారం చేతిలో పట్టుకుని అడిగిన ఆ రెండుసార్లూ, జూనియర్‌కీ నాకూ, ఆ ప్రశ్నకి ఆమె 'లేదు' అనే చెప్పింది.

ఆ రోజు స్కోరు 17. రెండు రోజుల తర్వాత జూనియర్ అడిగితే 16. తేడా వచ్చింది ఒక్క ప్రశ్నలో, రెయిలింగు పట్టుకుని మెట్లెక్కడం గురించి. ఎందుకు మారిందని అడిగాం. మొదటిసారి మా ఆసుపత్రి మెట్లు గుర్తొచ్చాయట. రెండోసారి వాళ్ళ ఇంటి అరుగు గుర్తొచ్చిందట.